బ్రాకెట్, ఇండెక్స్, హెడ్స్-అప్, రోల్ రేసింగ్: కొత్తగా డ్రాగ్ స్ట్రిప్‌కి వెళ్ళేవాళ్ళు ఏ ఫార్మాట్‌లో దిగాలి, ఎలా దిగాలి

డ్రాగ్ రేసింగ్ అనగానే చాలామందికి తెలిసింది ఒకటే, రెండు బళ్ళు పక్కపక్కన నిలబడతాయి, పచ్చ లైటు పడుతుంది, ముందు గీత దాటినోడు గెలుస్తాడు. నిజానికి అమెచ్యూర్ స్థాయిలో ఎక్కువమంది ఆడే ఫార్మాట్లలో ఇది సగమే కరెక్టు. పావు మైలుకి 15 సెకన్లు పట్టే ఫ్యామిలీ కారు 10 సెకన్లే పట్టే రేస్ కారుని ఓడించే ఫార్మాట్ ఉంది, తొందరగా వెళ్తే ఓడిపోయే ఫార్మాట్ ఉంది, అసలు నిలబడి స్టార్ట్ అవ్వడమే లేని ఫార్మాట్ కూడా ఉంది. ఇవేమీ తెలీకుండా డబ్బంతా ఇంజిన్ మీద పోసేసి తర్వాత ట్రాక్‌కి వెళ్ళి, నా బండికి ఇక్కడ క్లాసే లేదేంటి అని తల పట్టుకునేవాళ్ళు బోలెడుమంది. అందుకే ముందు ఫార్మాట్ ఎంచుకోండి, ఆ తర్వాతే బండి మీద ఖర్చు. ఈ గైడ్ మొత్తం ఆ వరసలోనే ఉంటుంది.

ఇంకో మాట, ఇదంతా ట్రాక్ మీద సంగతి. రోడ్డు మీద రేసుల గురించి ఇందులో ఒక్క ముక్క కూడా లేదు, ఉండదు కూడా.

స్టెప్ 1: ముందు దూరం, టైమ్ స్లిప్ అర్థం చేస్కోండి

రెండే దూరాలు గుర్తుపెట్టుకుంటే చాలు. క్వార్టర్ మైల్ అంటే 1320 అడుగులు, అంటే సుమారు 402 మీటర్లు. ఎయిత్ మైల్ అంటే అందులో సగం, 660 అడుగులు. నైట్రోమీథేన్ ఇంధనంతో నడిచే టాప్ ఫ్యూయెల్ లాంటి బళ్ళు 2008 నుంచి 1000 అడుగులే పరిగెడుతున్నాయి గానీ అది మన లెవెల్ సంగతి కాదు. చాలా చిన్న ట్రాకులు ఎయిత్ మైలే నడుపుతాయి, బండికి, టైర్లకి, బ్రేకులకి అదే తేలిక, కొత్తవాళ్ళకీ అదే మంచిది అని నా అభిప్రాయం. ఎయిత్ మైల్ టైముని 1.55తో గుణిస్తే క్వార్టర్ మైల్ ఎంత వస్తుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది, అంటే 9.00 వస్తే దాదాపు 13.95 అన్నమాట.

రన్ అయ్యాక చేతికి ఒక చీటీ ఇస్తారు, అదే టైమ్ స్లిప్. అందులో పైనుంచి కిందకి రియాక్షన్ టైమ్ (పచ్చ పడ్డాక బండి కదలడానికి పట్టిన టైము), 60 అడుగుల టైమ్, 330 అడుగులది, ఎయిత్ మైల్ టైము స్పీడూ, 1000 అడుగులది, చివర్లో ఈటీ, ట్రాప్ స్పీడ్ (గీత దగ్గర స్పీడు) ఉంటాయి. ఈటీ అంటే ఎలాప్స్‌డ్ టైమ్, బయల్దేరిన దగ్గర్నుంచి గీత దాటేదాకా పట్టిన టైము. ఇక్కడే కొత్తవాళ్ళందరూ తడబడతారు: ఈటీ గడియారం పచ్చ లైటు పడ్డప్పుడు మొదలవ్వదు, మీ ముందు టైరు స్టార్ట్ లైన్ దగ్గరుండే స్టేజ్ బీమ్ అనే కాంతి కిరణాన్ని వదిలినప్పుడు మొదలవుతుంది. అంటే పచ్చ లైటు పడ్డాక మీరు రెండు సెకన్లు కూర్చుని తాపీగా బయల్దేరినా ఈటీ అదే వస్తుంది. కానీ పక్క లేన్‌లో ఎవరైనా ఉండి అది రేసు అయితే ఆ రెండు సెకన్లూ పోయినట్టే. ఈటీ బండి సంగతి చెప్తుంది, రియాక్షన్ టైమ్ మీ సంగతి చెప్తుంది. ఫార్మాట్లన్నీ ఈ రెండిటిలో దేనికి ఎంత విలువ ఇవ్వాలి అన్న దగ్గరే విడిపోతాయి.

60 అడుగుల అంకె మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. అక్కడ 0.1 సెకను మిగిలిందంటే చివర్లో అంతకంటే ఎక్కువే మిగులుతుంది. హార్స్‌పవర్ కొనక్కర్లేకుండా టైరు ప్రెషర్, లాంచ్ ఆర్‌పీఎమ్ (బయల్దేరేటప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) సరిచేస్తే ఈటీ తగ్గే చోటు అదే.

స్టెప్ 2: క్రిస్మస్ ట్రీ ముందు ఎలా నిలబడాలి

1963 నుంచి వాడుకలో ఉన్న లైట్ల స్తంభం ఇది. పైన ప్రీ-స్టేజ్ బల్బు, దాని కింద స్టేజ్ బల్బు, తర్వాత మూడు పసుపు, ఒక పచ్చ, అడుగున ఎరుపు. ప్రీ-స్టేజ్ బీమ్ తగిలాక ఇంకో 7 అంగుళాలు ముందుకి జరిగితే స్టేజ్ బీమ్. నెమ్మదిగా, బ్రేక్ మీద కాలు పెట్టే జరగండి. స్టేజ్ బల్బు అలా వెలిగీ వెలగగానే ఆగిపోతే దాన్ని షాలో స్టేజింగ్ అంటారు, టైరు బీమ్‌ని వదిలేలోపు బండికి కొంచెం పరుగు దొరుకుతుంది కాబట్టి ఈటీ బాగుంటుంది. ఇంకా ముందుకెళ్ళి ప్రీ-స్టేజ్ బల్బు ఆరిపోయేదాకా జరిగితే డీప్ స్టేజింగ్, రియాక్షన్ మెరుగవుతుంది గానీ ఈటీ కాస్త పెరుగుతుంది, పచ్చకి ముందే కదిలి రెడ్ లైట్ పడే రిస్కూ పెరుగుతుంది. కొత్తవాళ్ళు షాలోనే అలవాటు చేస్కోండి, ప్రతిసారీ ఒకేలా.

అవతలివాడు కూడా ప్రీ-స్టేజ్ వెలిగించేదాకా మీరు స్టేజ్‌లోకి వెళ్ళకపోవడం మర్యాద. చాలా ట్రాకుల్లో ఒకడు పూర్తిగా స్టేజ్ అయ్యాక రెండోవాడికి కొన్ని సెకన్లే టైముంటుంది, ఆ లోపు రాకపోతే రెడ్ ఇచ్చేస్తారు, కాబట్టి మర్యాద పేరుతో నాన్చకండి కూడా.

ట్రీ రెండు రకాలు. స్పోర్ట్స్‌మన్ ట్రీలో మూడు పసుపు లైట్లు అర సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, ఇంకో అర సెకనుకి పచ్చ. ప్రో ట్రీలో మూడూ ఒకేసారి వెలుగుతాయి, 0.4 సెకనుకి పచ్చ. రెండిట్లోనూ పచ్చ చూసి కదిలితే మీరు లేటే. స్పోర్ట్స్‌మన్ ట్రీలో మూడో పసుపు వెలగగానే కాలు కదపాలి, మెదడు నుంచి కాలికి, కాలి నుంచి టైరుకి కదలిక వచ్చేసరికి పచ్చ పడిపోతుంది. 0.000 వస్తే పర్ఫెక్ట్ లైట్, అంతకంటే ముందు కదిలితే రెడ్. మొదట్లో 0.3, 0.4 వచ్చినా కంగారుపడొద్దు, మూడో పసుపుని నమ్మడం అలవాటయ్యేదాకా అందరికీ అంతే.

స్టెప్ 3: టెస్ట్ అండ్ ట్యూన్‌తో మొదలెట్టండి

ఇందులో గెలుపోటములు లేవు. డబ్బు కట్టి, బండి చెక్ చేయించుకుని, లైన్‌లో నిలబడి ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు పరిగెత్తించుకోవడమే. ఇంగ్లండ్‌లో శాంటా పాడ్ ట్రాక్ వాళ్ళు దీన్నే రన్ వాట్ యా బ్రంగ్ అంటారు, ఏ బండి తెచ్చుకుంటే ఆ బండే అని. పక్క లేన్‌లో ఎవరొస్తారో తెలీదు, మీ మామూలు కారు పక్కన 900 హార్స్‌పవర్ బండి వచ్చి నిలబడొచ్చు, పట్టించుకోకండి, మీ పని మీ చీటీతోనే.

మామూలు రోడ్డు టైర్లు అయితే స్టార్ట్ లైన్ ముందున్న నీళ్ళ గుంటలోకి వెళ్ళొద్దు, పక్కనుంచి తిరిగి రండి. ట్రెడ్ గాడుల్లో నీళ్ళు పట్టుకుని స్టార్ట్ లైన్ దాకా మోసుకొస్తాయి, మీకూ జారుతుంది, మీ వెనకవాళ్ళకీ జారుతుంది. ఆ నీళ్ళు స్లిక్స్ (గాడుల్లేని రేసు టైర్లు), డ్రాగ్ రేడియల్స్ లాంటి మెత్తటి డ్రాగ్ టైర్లు ఉన్నవాళ్ళు బర్నౌట్ చేసుకోవడానికి, అంటే టైర్లని ఉన్నచోటే తిప్పి వేడెక్కించుకోవడానికి.

ఒక రోజులో ఆరేడు రన్లు దొరికితే, మొదటి రెండిట్లో ఏమీ మార్చకుండా నడపండి. ఆ తర్వాత ఒక్కోసారి ఒక్కటే మార్చండి, లాంచ్ ఆర్‌పీఎమ్ అయితే ఆర్‌పీఎమ్, టైరు గాలి అయితే గాలి. రెండూ కలిపి మారిస్తే ఈటీ ఎందుకు మారిందో ఎవడికీ తెలీదు. ప్రతి చీటీ వెనక టైము, ఎండ ఎలా ఉంది, గాలి ఎటు వీస్తోంది, పెట్రోల్ ఎంత ఉంది రాసుకోండి. ఈ చీటీలే రేపు బ్రాకెట్ రేసింగ్‌లో మీ ఆస్తి.

స్టెప్ 4: బ్రాకెట్ రేసింగ్, ఎక్కువమంది ఆగిపోవాల్సిన చోటు

దీని మీద కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే అమెచ్యూర్లకి ఇంతకంటే న్యాయమైన ఆట ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

పద్ధతి ఇది. మీ బండి ఎంత టైములో వెళ్తుందో మీరే ముందుగా చెప్పి అద్దం మీద రాస్తారు, దాన్ని డయల్-ఇన్ అంటారు. ఆస్ట్రేలియాలో ఈ రకం రేసింగ్‌ని డయల్ యువర్ ఓన్ అనే పిలుస్తారు. ఇద్దరి డయల్-ఇన్‌ల మధ్య తేడా ఎంతో అంత ముందుగా నెమ్మది బండికి పచ్చ లైటు ఇస్తారు. ఇద్దరూ చెప్పినట్టే నడిపి, ఇద్దరూ ఒకేలా రియాక్ట్ అయితే గీత దగ్గర ఇద్దరూ కలిసే వస్తారు. చెప్పిన టైము కంటే తొందరగా వెళ్తే బ్రేకౌట్, ఓడిపోతారు. ఇద్దరూ బ్రేకౌట్ అయితే తక్కువ బ్రేకౌట్ అయినవాడు గెలుస్తాడు. రెడ్ లైట్ తప్పు బ్రేకౌట్ కంటే పెద్దది, మధ్య గీత దాటి పక్క లేన్‌లోకి వెళ్ళడం రెడ్ కంటే పెద్దది.

లెక్క వేసి చూద్దాం. మీరు 14.20 రాశారు, అవతలివాడు 12.50. తేడా 1.70 సెకన్లు, అంత ముందు మీకు పచ్చ పడుతుంది. మీ రియాక్షన్ 0.085, ఈటీ 14.24. అంటే మీ పచ్చ పడ్డ క్షణం నుంచి 14.325 సెకన్లకి గీత దాటారు. అతని రియాక్షన్ 0.140, ఈటీ 12.51. ఆ 1.70 కలిపితే 14.350. మీరు 0.025 తేడాతో గెలిచారు. అతను గీత దగ్గర గంటకి 110 మైళ్ళ స్పీడులో ఉంటే ఆ తేడా మీటరు పైచిలుకు మాత్రమే. ఈటీ చూస్తే అతనే చెప్పినదానికి దగ్గరగా వెళ్ళాడు, 0.01 తేడా, మీది 0.04. అయినా ఓడాడు, ఎందుకంటే ట్రీ దగ్గర 0.055 వదిలేశాడు. ఇప్పుడు దీన్ని కొంచెం తిప్పండి, అతను వెనకబడ్డానని భయపడి చివరిదాకా తొక్కి 12.47 నడిపాడనుకోండి, గీత ముందు దాటినా బ్రేకౌట్, మళ్ళీ మీరే గెలిచారు. రియాక్షన్ టైముకి డయల్-ఇన్ కంటే ఎంత ఎక్కువ నడిపారో కలిపితే వచ్చే అంకెని ప్యాకేజ్ అంటారు, మీది 0.125, అతనిది 0.150. బ్రాకెట్ రేసర్లు రోజంతా తగ్గించాలని చూసేది ఈ ఒక్క అంకెనే.

హార్స్‌పవర్ ఇక్కడ గెలిపించదు, నిలకడ గెలిపిస్తుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న సాదాసీదా కారు, మంచి టైర్లు, రోజూ ఒకే ఈటీ, ఇది చాలు. మాన్యువల్ అయితే కష్టం ఎక్కువే, క్లచ్ వదిలే తీరు, గేరు మార్చే ఆర్‌పీఎమ్ ప్రతిసారీ ఒకేలా ఉండాలి, అసాధ్యమేమీ కాదు గానీ ప్రాక్టీస్ కావాలి. బైకులవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

వాతావరణాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎండ దిగి సాయంత్రం చల్లబడితే గాలి చిక్కబడుతుంది, ఇంజిన్‌కి ఆక్సిజన్ ఎక్కువ దొరుకుతుంది, మధ్యాహ్నం 14.20 వెళ్ళిన బండి సాయంత్రం 14.10 వెళ్ళొచ్చు, డయల్-ఇన్ మార్చకపోతే బ్రేకౌట్ ఖాయం. అందుకే టెస్ట్ అండ్ ట్యూన్ చీటీల వెనక రాసుకోమన్నది.

క్లాసులు చూసుకుని ఎక్కండి. చాలా ట్రాకుల్లో ఎలక్ట్రానిక్స్ ఉన్నవాళ్ళకి ఒక క్లాసు, లేనివాళ్ళకి ఒక క్లాసు ఉంటాయి. డిలే బాక్స్ అని ఒకటుంది, డ్రైవర్ మొదటి పసుపుకే బటన్ వదిలేస్తాడు, బాక్స్ తను లెక్కపెట్టుకుని, బండిని గేర్‌బాక్స్‌తోనే కదలకుండా పట్టి ఉంచే ట్రాన్స్‌బ్రేక్‌ని వదులుతుంది. వాళ్ళతో కాలి బ్రేక్ మీద నడిపే కొత్తవాడు పోటీపడటం అనవసరం. ఫుట్‌బ్రేక్ లేదా నో-బాక్స్ అని రాసున్న క్లాసులో, అదీ లేకపోతే స్ట్రీట్ క్లాసులో పేరివ్వండి. మొదటి రౌండులో ఓడినవాళ్ళకి ఇంకోసారి డబ్బు కట్టి తిరిగి లోపలికి వచ్చే బైబ్యాక్ సౌకర్యం ఉందేమో కూడా అడగండి, ఉంటే అదే రోజు ఇంకో రౌండు అనుభవం దొరుకుతుంది.

ఒక్క చిక్కుంది. నెమ్మది బండి ముందు బయల్దేరుతుంది కాబట్టి అది రెడ్ కొడితే చాలాకాలంగా అక్కడికక్కడే ఓటమి, అవతలివాడు అంతకంటే ఘోరమైన రెడ్ కొట్టినా సరే. ఇప్పుడు కొన్ని ట్రాకుల్లో ఇద్దరి రెడ్‌లూ పోల్చి ఎక్కువ తప్పు చేసినవాడిని ఓడించే సిస్టమ్ వచ్చింది. మీ ట్రాక్‌లో ఏది నడుస్తోందో డ్రైవర్ల మీటింగ్‌లోనే అడిగేయండి.

స్టెప్ 5: ఇండెక్స్ రేసింగ్

ఇక్కడ టైము మీరు చెప్పరు, రూల్ బుక్కు చెప్తుంది. అమెరికాలో డ్రాగ్ రేసింగ్ నడిపే పెద్ద సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏలో సూపర్ స్ట్రీట్ 10.90, సూపర్ గ్యాస్ 9.90, సూపర్ కాంప్ 8.90, అన్నీ ప్రో ట్రీ మీదే, ఇద్దరికీ ఒకేసారి పచ్చ. ఆ అంకె కిందకి వెళ్తే బ్రేకౌట్. చాలామంది కావలసినదానికంటే బలమైన బండి కట్టి థ్రాటిల్ స్టాప్ పెట్టుకుంటారు, లాంచ్ అయ్యాక అది కాసేపు థ్రాటిల్‌ని మూసి ఉంచి మళ్ళీ తెరుస్తుంది, అందుకే 8.90 నడిపే బండి గీత దగ్గర 160 మైళ్ళు దాటి కనిపిస్తుంది. కొన్ని చోట్ల 11.50 లాంటి నెమ్మది ఇండెక్సులూ పెడతారు. మీ బండి ఎలాగూ ఆ అంకెకి దగ్గర్లో ఉంటే దిగండి, బాగుంటుంది. దూరంగా ఉంటే మాత్రం ఆ అంకె కోసం బండి కట్టడం ఇప్పుడే వద్దు.

స్టెప్ 6: హెడ్స్-అప్, అందరికీ మోజు ఉండేది

ఒకేసారి పచ్చ, హ్యాండిక్యాప్ (నెమ్మది బండికి ముందుగా పచ్చ ఇవ్వడం) లేదు, బ్రేకౌట్ లేదు, ముందు దాటినోడిదే గెలుపు. చూడ్డానికి దీన్ని మించిందేదీ లేదు, నేనూ ఒప్పుకుంటా. ఇందులోనూ డ్రైవర్ విలువ పోదు: మీరు 0.050 రియాక్షన్‌తో 11.60 నడిపి, అతను 0.180తో 11.52 నడిపితే, మీది మొత్తం 11.650, అతనిది 11.700, నెమ్మది బండితో మీరే గెలిచారు. దీన్నే హోల్‌షాట్ గెలుపు అంటారు.

సమస్య ఎక్కడంటే, ఇక్కడ వేగానికి హద్దు పెట్టేది క్లాసు రూల్స్ మాత్రమే. టైరు సైజు, కనీస బరువు, టర్బో గానీ నైట్రస్ గానీ ఏది వాడొచ్చు, అన్నీ రాసుంటాయి, ఆ రూల్స్ అంచుదాకా ఎవడు ఖర్చు పెడితే వాడు ముందుంటాడు. ఈ సీజన్‌లో గెలిచే బండి వచ్చే సీజన్‌కి మధ్యలో ఉంటుంది. ఎవరో ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఒకే మోడల్ కార్లతో, ఒకే టైర్లతో సరదాగా ఆడుకోవడం వేరు, అది మంచి మొదలు. ఓపెన్ హెడ్స్-అప్ క్లాసుకి మాత్రం కనీసం ఒక సీజన్ బ్రాకెట్ చేసి, మీ బండి మీకు చేతికొచ్చాక వెళ్ళండి.

బండి రోజువారీ వాడకంలో ఉన్నవాళ్ళకి ట్రూ స్ట్రీట్ అని ఒక మంచి మధ్యే మార్గం ఉంది. ముందు సుమారు 30 మైళ్ళు రోడ్డు మీద అందరూ కలిసి మామూలుగా నడుపుకుంటూ వెళ్ళొస్తారు, తర్వాత బానెట్ తెరవకుండా వరసగా మూడు రన్లు, మూడిటి సగటే లెక్క. 2005లో మొదలైన డ్రాగ్ వీక్ కూడా ఇదే ఆలోచనని ఇంకా సాగదీసింది, వారం రోజుల్లో ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కి అదే బండి నడుపుకుంటూ వెయ్యి మైళ్ళ దాకా తిరగాలి.

స్టెప్ 7: రోల్ రేసింగ్, నో-ప్రెప్, గ్రడ్జ్

రోల్ రేసింగ్‌లో ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ, 40 నుంచి 60 మైళ్ళ మధ్య ఏదో ఒక నిర్ణయించిన స్పీడులో గీత దగ్గరికి వచ్చి అక్కడినుంచి తొక్కుతారు. లాంచ్ లేదు కాబట్టి క్లచ్, యాక్సిల్, గేర్‌బాక్స్ బతికిపోతాయి, రోడ్డు టైర్లతో పనైపోతుంది, ఫోర్ వీల్ డ్రైవ్ వాళ్ళకి స్టార్టింగ్‌లో దొరికే లాభం పోతుంది. అందుకే పెద్ద టర్బో కార్లవాళ్ళకి ఇదంటే ఇష్టం. కానీ పవర్ ఉన్నవాడిదే రాజ్యం, డ్రైవర్ నేర్చుకునేది తక్కువ, పైగా చివర్లో స్పీడు మామూలు డ్రాగ్ కంటే ఎక్కువ. హాఫ్ మైల్ ఈవెంట్ అయితే బ్రేకులు, టైరు స్పీడ్ రేటింగ్ సరిచూసుకోకుండా అస్సలు దిగొద్దు.

నో-ప్రెప్ అంటే ట్రాక్ మీద గ్రిప్ కోసం చల్లే జిగురు మందు ఉండదు. పవర్ ఎక్కువైతే బండి పక్కకి జారుతుంది, ఎక్కడ వదలాలో తెలిసిన డ్రైవర్ గెలుస్తాడు. టీవీలో చూసి ముచ్చటపడేవాళ్ళు ఎక్కువ, కానీ గోడకి తగిలేవాళ్ళలో అనుభవం ఉన్నవాళ్ళే బోలెడుమంది, కొత్తవాళ్ళకి ఇది వద్దనే చెప్తా. గ్రడ్జ్ రేసులంటే ఇద్దరు మాట్లాడుకుని ఆడుకునేవి, చాలాసార్లు టైము బోర్డు కూడా ఆపేస్తారు. చీటీ లేని రన్‌తో మీరు నేర్చుకునేది ఏమీ ఉండదు.

స్టెప్ 8: సేఫ్టీ అంకెలు చూసి మీ ఫార్మాట్ ఖాయం చేస్కోండి

చాలా ట్రాకులు ఎన్‌హెచ్‌ఆర్‌ఏ రూల్స్‌నే ఆధారంగా పెట్టుకుంటాయి. క్వార్టర్ మైల్‌లో 13.99 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే హెల్మెట్ తప్పనిసరి, నా మాట వింటే 18 సెకన్ల బండికైనా పెట్టుకోండి. 11.49 దగ్గర రోల్ బార్ (బండి బోల్తా పడితే డ్రైవర్‌ని కాపాడే ఉక్కు కమ్మీ) అడుగుతారు, 9.99 దగ్గర కేజ్ (డ్రైవర్ చుట్టూ పూర్తి ఉక్కు చట్రం), లైసెన్సు కూడా. 150 మైళ్ళు దాటితే ప్యారాచూట్. ఈమధ్య మోడల్ ఫ్యాక్టరీ కార్లకి వీటిలో కొన్ని సడలింపులున్నాయి, మీ ట్రాక్‌లో బళ్ళు చెక్ చేసే టెక్ వాళ్ళని అడిగి ఖాయం చేస్కోండి. బండి 11.6 నడుస్తుంటే ఇంకో 50 హార్స్‌పవర్ పెట్టేముందు ఈ అంకెలు గుర్తు తెచ్చుకోండి, ఎందుకంటే ఆ 50తో పాటు రోల్ బార్ ఖర్చు కూడా వస్తుంది.

టెక్ ఇన్‌స్పెక్షన్‌లో వెనక్కి పంపేది ఎక్కువగా చిన్న విషయాలకే: కదిలే బ్యాటరీ, ఆయిల్ కారడం, వీల్ నట్లు వదులు, అరిగిన టైర్లు. ఫుల్ ప్యాంటు, బూట్లు వేసుకెళ్ళండి. కార్లో ఉన్న నీళ్ళ బాటిల్, ఫ్లోర్ మ్యాట్, డిక్కీలో సామాను అన్నీ ముందురోజే తీసేయండి, బాటిల్ దొర్లుకుంటూ వచ్చి బ్రేక్ పెడల్ కింద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

గీత దాటాక కూడా రన్ అయిపోలేదు. ఒక్కసారిగా బ్రేక్ తొక్కకుండా నిదానంగా తగ్గించండి, మీ లేన్ వదలొద్దు, బయటికి తిరిగే దారి ఏ వైపుంటే ఆ వైపు లేన్‌లో ఉన్న బండి ముందు తిరగాలి, అవతలి లేన్‌వాడు ఆగి దాని వెనక రావాలి. ఎవరెక్కడున్నారో కనిపించకపోతే చివరిదాకా నేరుగా వెళ్ళి ఆగండి.

స్టెప్ 9: ఎప్పుడు ఫార్మాట్ మారాలి

చీటీలన్నీ ఒకచోట పెట్టుకుని చూడండి. ఒకే రోజు తీసిన రన్లలో ఈటీ 0.05 లోపల ఉంటోందా, రియాక్షన్ 0.1 చుట్టుపక్కలకి వస్తోందా? రెండూ ఔనంటే టెస్ట్ అండ్ ట్యూన్ నుంచి బ్రాకెట్‌కి వెళ్ళండి. ఈటీ నిలకడగా ఉండి రియాక్షన్ మాత్రమే ఎగుడుదిగుడుగా ఉంటే, బండిని ముట్టుకోకండి, ప్రాక్టీస్ ట్రీ యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకుని రోజూ కాసేపు కూర్చోండి, అయితే ఫోన్ మీద వేలికీ పెడల్ మీద కాలికీ తేడా ఉంటుంది కాబట్టి అక్కడొచ్చిన అంకెని ట్రాక్‌లో ఆశించొద్దు. రియాక్షన్ బాగుండి ఈటీ ఊగుతుంటే 60 అడుగుల కాలమ్ చూడండి, తేడా అక్కడే కనిపిస్తుంటే టైరు ప్రెషర్, లాంచ్. అక్కడ సమానంగా ఉండి 330 తర్వాత తేడా వస్తుంటే గేరు మార్చే పాయింట్లు, ఇంజిన్ వేడి. బ్రాకెట్‌లో మూడు నాలుగు రౌండ్లు దాటడం మామూలైపోయి, బండి ఈటీ ఏదో ఒక ఇండెక్స్‌కి దగ్గరగా ఉంటే ప్రో ట్రీ మీద ఒకసారి ప్రయత్నించండి. అప్పటికీ హెడ్స్-అప్ మీదే మనసుంటే, కొనేముందు ఆ క్లాసు రూల్ బుక్ తెచ్చుకుని టైరు, బరువు పేజీలు చదివి, మీ బండిని కాటా మీద తూచి చూడండి.